ఈ వారం నువ్వెవరివి?

శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా నాయనమ్మ మమ్మల్ని నలుగురు పిల్లలనూ వసారాలో చాప మీద కూర్చోబెట్టి, యేసు ప్రభువు ఎన్నుకొన్న శిష్యులైన పన్నెండుమంది అపొస్తలుల పేర్లు వరుసగా చెప్పించేది. పేతురు, అంద్రెయ, జెబెదయి కుమారులైన యాకోబు, యోహాను, ఫిలిప్పు, బర్తొలొమయి, తోమా, సుంకరియైన మత్తయి, అల్ఫయి కుమారుడైన యాకోబు, తద్దయి, కనానీయుడైన సీమోను, ఇస్కరియోతు యూదా. ఎక్కడ తడబడినా మళ్ళీ మొదటినుంచి చెప్పవలసిందే. చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి మా గొంతులు వాటంతట అవే తగ్గిపోయేవి. ప్రభువును అప్పగించినవాడి పేరు దీపం ముందు గట్టిగా పలకడానికి మాకు భయం. ఆమె మాత్రం ఊరుకొనేది కాదు. "పేతురు పేరు ఎంత గట్టిగా చెప్పావో ఆ పేరు కూడా అంత గట్టిగా చెప్పు నాయనా, అతనూ ఆ పన్నెండుగురిలోవాడే" అనేది. పేర్లు పూర్తయ్యాక మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ ఒకే ప్రశ్న అడిగేది: "ఈ వారం నువ్వెవరివి?"

ఆ వారంలో చేసిన పనులను గుర్తు తెచ్చుకొని, అవి ఆ పన్నెండుమందిలో ఎవరి పనులకు దగ్గరగా ఉన్నాయో మేమే చెప్పుకోవాలి. బడిలో పలక కోసం కొట్టుకొన్నవాడు "యోహానును" అనేవాడు. ఎందుకంటే యాకోబు యోహానులకు ప్రభువు పెట్టిన పేరు బోయనేర్గెసు, అనగా ఉరిమెడువారు. అబద్ధం చెప్పి దొరికిపోయినవాడు "పేతురును" అనేవాడు. చెప్పినదానికి ఆమె తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆ మనిషి తరువాత ఏమయ్యాడో చెప్పి, ప్రార్థన చేసి, అన్నాలకు లేపేది. నాకిప్పుడు అరవై రెండేళ్ళు. సండే స్కూల్లో, యవనస్థుల కూటాల్లో, ఉపవాస కూటాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు గాని, అపొస్తలులు నాకు మనుషులుగా పరిచయమైంది ఆ చాప మీదనే.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో, చీరాలకు దగ్గరగా ఉన్న పల్లె. నాయనమ్మ బైబిలు స్త్రీగా పని చేసింది. పెళ్ళయి ఇద్దరు బిడ్డలు పుట్టాక మిషను వారి బడిలో అక్షరాలు దిద్దుకొని, తెల్ల చీర కట్టుకొని, చుట్టగా చుట్టిన బొమ్మల పటాలు భుజాన పెట్టుకొని, చుట్టుపట్ల పేటలకు నడిచి వెళ్ళి, వేపకొమ్మకు పటం తగిలించి కథలు చెప్పేది. ఆ పటాల్లో అపొస్తలులందరికీ నున్నగా దువ్విన గడ్డాలు, తెల్లని ముఖాలు, తలల వెనక బంగారు వలయాలు ఉండేవి. ఆమెకు ఆ వలయాలు నచ్చేవి కావు. ఒక వేసవిలో మమ్మల్ని ఓడరేవుకు తీసుకువెళ్ళి, ఒడ్డున రెండు వరుసలుగా నిలబడి అలివి వల లాగుతున్న వాళ్ళను చూపించి, "పేతురు ఇలా ఉంటాడు, ఆ అరచేతులు చూడండి" అంది. తాడు ఒరిపిడికి కాయలు కాసి, ఉప్పునీటికి పగిలిన చేతులవి. ఆ పూట వలలో చేపలు పెద్దగా పడలేదు; అయినా వల కడగాలి, చిక్కులు తీయాలి, ఇసుకలో ఆరబెట్టాలి. రాత్రంతా ప్రయాసపడి ఏమీ దొరకక గెన్నేసరెతు సరస్సు ఒడ్డున వలలు కడుక్కొంటున్న సీమోనుతో, చేపలు పట్టడం తన వృత్తి కాని ఒక బోధకుడు, దోనెను మళ్ళీ లోతుకు నడిపించమని చెప్పినప్పుడు, సరేనని వల ఎత్తడానికి ఎంత అణకువ కావాలో ఆ ఇసుకలో నిలబడినప్పుడు నాకు కొంచెం తెలిసింది.

పేతురు గురించి ఆమె ఎక్కువసార్లు చెప్పింది రెండు మంటల సంగతి. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట చలికి దాసులు, బంట్రౌతులు బొగ్గుల మంట వేసుకొని చలి కాచుకొంటుంటే పేతురు కూడా వాళ్ళతో నిలబడి చేతులు కాచుకొన్నాడు. ఆ వెలుగులోనే ఆయన్ని ఎరుగనని అన్నాడు. మూడుసార్లు అలా అన్నాక కోడి కూసింది. ప్రభువు తిరిగి లేచిన తరువాత, ఒక తెల్లవారుజామున, నూట యాభై మూడు పెద్ద చేపలతో వల దరికి లాగి చూస్తే, అక్కడ నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. ఆ నిప్పుల పక్కనే "నీవు నన్ను ప్రేమించుచున్నావా?" అన్న ప్రశ్న మూడుసార్లు వచ్చింది. "ఎక్కడ కాలిందో అక్కడే మందు రాశాడు నాయనా, మళ్ళీ నిప్పుల దగ్గరికే తీసుకొచ్చి కూర్చోబెట్టి" అనేది నాయనమ్మ. చాలా ఏళ్ళ తరువాత, వేదాంత కళాశాలలో చదివిన ఒక పాస్టరుగారు, బొగ్గుల మంటకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లనే కనబడుతుందని చెప్పారు. విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాయనమ్మకు గ్రీకు రాదు. జీవితమంతా పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాబట్టి ఆమె నిప్పులను గుర్తుపట్టింది.

నేను ఆ మంట దగ్గర నిలబడిన రోజు గురించి రాయకుండా ఈ జ్ఞాపకాలు రాయడం న్యాయం కాదు. 1979లో ఇంటర్మీడియట్ చదువుకు పట్టణంలో హాస్టల్లో చేరాను. నన్ను అక్కడ చేర్చింది మా బాబాయి. నా రేకు పెట్టెను బస్టాండు నుంచి హాస్టలు దాకా తలమీద మోసుకొచ్చి, మంచం కింద పెట్టి, దుప్పటి పరిచి వెళ్ళిన మనిషి. రెండు నెలలు గడిచేసరికి నాకు కొత్త స్నేహితులు దొరికారు. ఇస్త్రీ చొక్కాలు, చేతి గడియారాలు ఉన్నవాళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళతో కలిసి నేను భోజనాల గదిలో కూర్చొని ఉండగా బాబాయి వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో నాయనమ్మ పంపిన అరిసెల డబ్బా. ఎవరతను అని పక్కవాడు అడిగాడు. "మా ఊళ్ళో పాలేరు" అన్నాను. బాబాయి అప్పటికి గుమ్మం దగ్గరికి వచ్చేశాడు. విన్నాడని నాకు తెలుసు. డబ్బా నా చేతికిచ్చి, "చదువు బాగా సాగుతుందా?" అని మాత్రం అడిగి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారం వచ్చింది, నేను పెద్దవాణ్ణయ్యానని నాయనమ్మ నన్ను చాప మీదికి పిలవలేదు, నేనే వెళ్ళి కూర్చున్నాను. "పేతురును" అని, జరిగింది చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకొని, "ఏ పేతురువి? మంట దగ్గరివాడివా, అంతియొకయలోవాడివా?" అని అడిగింది. అంతియొకయ పట్టణంలో జరిగిన సంగతి నేను అప్పటిదాకా శ్రద్ధగా చదవలేదు. పెంతెకొస్తు దినాన ధైర్యంగా నిలబడి ప్రసంగించినవాడు, కొర్నేలీ ఇంట అన్యజనులను, అంటే యూదులు కానివారిని, దేవుడు అంగీకరించడం కళ్ళారా చూసినవాడు, ఆ తరువాత అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, ప్రభువు సహోదరుడైన యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చేసరికి వాళ్ళకు భయపడి ఆ పంక్తిలోనుంచి లేచి వెనక్కు తీశాడు. అతన్ని చూసి పౌలు తోటి సేవకుడైన బర్నబా అంతటివాడు కూడా లేచిపోయాడు. పౌలు అందరి ముందు పేతురును ముఖాముఖిగా నిలదీశాడు. పంక్తి మార్చడం అంటే ఏమిటో, ఎవరు వస్తే ఎవరు లేచిపోతారో, మా పేటలో పుట్టిన ఏ మనిషికీ వివరించి చెప్పవలసిన అవసరం లేదు. తరతరాలుగా మమ్మల్ని పంక్తికి దూరంగా కూర్చోబెట్టారు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను నా రక్తసంబంధిని పంక్తికి బయట నిలబెట్టాను. "మంట దగ్గర చేసింది ప్రాణభయంతో. ఇది మర్యాద పోతుందన్న భయంతో. రెండోది ఎక్కువకాలం ఉంటుంది, జాగ్రత్త" అంది. ఆ రాత్రి బాబాయి విస్తరి పక్కనే నా విస్తరి వేసింది. క్షమించమని నేను నోరు తెరిచేలోపు ఆయన తన విస్తట్లోని చేప ముక్క తీసి నాకు వేశాడు.

బాబాయి పేరు మా ఊళ్ళో ఎవరూ పెద్దగా పలికేవారు కాదు. మా నాన్న ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టరు. అందుచేత బాబాయి "హెడ్మాస్టరుగారి తమ్ముడు". సువార్తల్లో అంద్రెయది కూడా ఇదే స్థితి. అతని పేరు వచ్చిన చోట "సీమోను పేతురు సహోదరుడు" అన్న మాట తరచుగా తోడు వస్తుంది. ప్రభువును ముందు చూసింది అతనే. అంతకుముందు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గర శిష్యరికం చేసినవాడు, ఆ గురువు మాట విని యేసు వెంట నడిచి, ఆ రోజంతా ఆయనతో గడిపి, వెంటనే వెళ్ళి తన సహోదరుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆ తరువాత యోహాను సువార్తలో అతడు ముందుకు వచ్చిన ప్రతిచోటా ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొని వస్తాడు. అయిదువేలమంది ఆకలితో ఉన్నప్పుడు అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు ఉన్న పిల్లవాడిని చూపించాడు. పండుగకు వచ్చిన గ్రీసు దేశస్థులు యేసును చూడాలని ఫిలిప్పును అడిగితే, ఫిలిప్పు అంద్రెయకు చెప్పాడు, ఇద్దరూ కలిసి ప్రభువుకు చెప్పారు. రూపాంతరపు కొండమీదికి పేతురు, యాకోబు, యోహాను వెళ్ళారు గాని అంద్రెయ వెళ్ళలేదు. తాను పిలుచుకొచ్చిన సహోదరుడు కొండ ఎక్కుతుంటే కింద మిగతావారితో ఉండిపోయాడు. అందుకు అతడు నొచ్చుకొన్నట్టు ఎక్కడా రాయలేదు. ఆ తరువాత జెబెదయి కుమారులు కుడివైపు ఎడమవైపు సింహాసనాలు అడిగినప్పుడు తక్కిన పదిమందికీ కోపం వచ్చిందని రాసి ఉంది కాబట్టి, ఆ పదిమందిలో అతడూ ఉన్నాడు. అంద్రెయకు మనసు లేదని నేననను. మనసు ఉండి కూడా పిలుచుకొచ్చే పని మానలేదు, అదే నాకు విలువైన సంగతి.

బాబాయి అయిదో తరగతి దాటలేదు. నాకు తెలిసినంతవరకు మా పేటలోని ఇరవైమందికి పైగా పిల్లలను బోర్డింగు బళ్ళలో చేర్చింది ఆయనే. దరఖాస్తు కాగితం ఎవరిచేతనో రాయించి, పిల్లవాడి చేయి పట్టుకొని, పెట్టె తలమీద పెట్టుకొని బయలుదేరేవాడు. ఆ పిల్లల్లో టీచర్లయినవారు, నర్సులయినవారు, రైల్వేలో చేరినవారు ఉన్నారు. నాయనమ్మ ఆయనను చూసినప్పుడల్లా తాళ్ళకొండపాడు పేరయ్యగారిని తలచుకొనేది. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో మొదట్లో విశ్వసించినవారిలో యెర్రగుంట్ల పేరయ్యగారు ఒకరు; అంతకుముందు యోగమార్గంలో గురుబోధ పొంది, తరువాత ఊరూరా తిరిగి తనవాళ్ళకు తాను కనుగొన్నది చెప్పినవారు. "అంద్రెయకూ ముందు వేరే గురువు ఉన్నాడు, పేరయ్యకూ ఉన్నాడు. వెతికే అలవాటు ఉన్నవాడికే దొరికినప్పుడు దాని విలువ తెలుస్తుంది" అనేది. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మా వైపు ప్రతి క్రైస్తవ కుటుంబానికీ తెలుసు. అది 1876-78 నాటి ధాతు కరవు తరువాత వెంటనే వచ్చిన కాలం. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కరవు పని ఇప్పించి ఎందరి ప్రాణాలనో నిలిపారు, అయితే కూటి కోసం చేరుతున్నారన్న మాట రాకుండా కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులే. మా నాయనమ్మ తాత ఆ వరుసలో నిలబడ్డాడని ఇంట్లో చెప్పుకొంటారు. చరిత్రలో క్లౌ గారి పేరు పెద్దక్షరాల్లో ఉంది, ఉండవలసిందే. అయినా ఆ రెండువేల పైచిలుకు మందిని ఏటి ఒడ్డు దాకా చేయి పట్టుకొని నడిపించుకొచ్చినవాళ్ళు ఎవరై ఉంటారని ఆలోచించినప్పుడు నాకు బాబాయి తలమీది రేకు పెట్టెలే కనిపిస్తాయి.

ఉరిమెడువారి సంగతి మా తమ్ముడికి ఎక్కువ పనికి వచ్చింది, వాడి కోపం అలాంటిది. సమరయలోని ఒక గ్రామం ప్రభువును చేర్చుకోకపోతే, ఆకాశంనుంచి అగ్ని దిగి వాళ్ళను నాశనం చేయాలని ఆజ్ఞాపించమంటావా అని యాకోబు యోహానులు అడిగారు. ప్రభువు వాళ్ళనే గద్దించి మరొక గ్రామానికి వెళ్ళాడు. ఆ కథ అక్కడితో ముగిసిందని నేను చాలాకాలం అనుకొన్నాను. నాయనమ్మ అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం తెరిచి చూపించింది. సమరయవారు దేవుని వాక్యం అంగీకరించారని విని, యెరూషలేములోని అపొస్తలులు పంపిన ఇద్దరు పేతురు, యోహాను. అగ్ని దిగాలని అడిగిన అదే యోహాను, అదే సమరయలో, వాళ్ళమీదికి పరిశుద్ధాత్మ దిగాలని ప్రార్థించి చేతులుంచాడు. తిరిగి వచ్చేటప్పుడు సమరయుల గ్రామాలనేకంలో సువార్త చెప్పాడు. యాకోబు మాత్రం ఎక్కువకాలం బతకలేదు. కుడివైపు కూర్చోవాలని అడిగి, నా గిన్నెలోనిది తాగగలరా అంటే తాగగలమన్న ఇద్దరిలో ఒకడైన అతడు, సుమారు క్రీ.శ. 44లో హేరోదు ఖడ్గానికి బలయ్యాడు. మా తమ్ముడు తన కోపాన్ని ఇప్పటికీ పూర్తిగా గెలవలేదు. అయినా ఎవరితోనైనా గొడవపడి వచ్చిన రోజున "రెండో సమరయకు ఎప్పుడు వెళ్ళాలి" అని తనే అంటాడు, వెళ్తాడు కూడా.

మత్తయిని, కనానీయుడైన సీమోనును నాయనమ్మ ఎప్పుడూ జంటగా చెప్పేది. ఒకడు సుంకపు మెట్టు దగ్గర కూర్చొని పాలకుల తరఫున సొంతవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసినవాడు. మరొకడికి లూకా రాసిన పేరు జెలోతే, అంటే తన జనం కోసం, ధర్మశాస్త్రం కోసం రోషం పట్టినవాడు. వీళ్ళిద్దరూ ఒకే పాత్రలో చెయ్యి ముంచుకొని మూడేళ్ళు తిన్నారు. పొలం గట్టు తగాదాతో మా గుడిలో రెండు కుటుంబాలు ఏడాదిపాటు ఎడమొహం పెడమొహంగా కూర్చొని ప్రభు భోజన సంస్కారం తీసుకొన్నప్పుడు, ఆమె ఆ రెండిళ్ళకూ వెళ్ళి ఈ ఒక్క మాటే చెప్పి వచ్చింది. వాళ్ళు వెంటనే కలవలేదు. పై ఏడాది ఒకరి ఇంట చావు జరిగినప్పుడు రెండోవారు ముందుగా వచ్చి పాడె పట్టారు. మత్తయి గురించి నాకు నేనుగా దొరికిన సంగతి ఒకటుంది. మార్కు, లూకా సువార్తల్లోని పట్టికల్లో మత్తయి తరువాత తోమా వస్తాడు, మత్తయి వృత్తి చెప్పరు. మత్తయి పేరుతో ఉన్న సువార్తలో మాత్రం తోమా ముందు వచ్చి, ఆ వెనక "సుంకరియైన మత్తయి" అని ఉంటుంది. పక్కవాడిని తనకంటె ముందు నిలబెట్టి, తన పాత సిగ్గును తన పేరుకు తగిలించుకొన్న ఆ చేతిని తలచుకొంటే నాకు గౌరవంతో మనసు నిండుతుంది.

బర్తొలొమయి, తద్దయి, అల్ఫయి కుమారుడైన యాకోబుల గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు, చెప్పడానికి సువార్తల్లోనే ఎక్కువ లేదు. అల్ఫయి కుమారుడి మాట ఒక్కటి కూడా ఎక్కడా రాయబడలేదు. మా చెల్లెలు ఏ వారమూ ఏ తప్పూ చేసేది కాదు, అందుచేత ఎప్పుడూ "అల్ఫయి కుమారుణ్ణి" అనేది. నాయనమ్మ ఆమె తల నిమిరి, పిలిస్తే వచ్చి చివరిదాకా ఉన్నాడు తల్లీ, అది తక్కువ సంగతి కాదు అనేది.

తోమా దగ్గర నేను ఎక్కువకాలం ఉన్నాను. 1988లో బ్యాంకు ఉద్యోగం మీద మద్రాసుకు వెళ్ళాను. ఆ మరుసటి ఏడాది మా మొదటి బిడ్డ పుట్టిన పదకొండో రోజున పోయింది. ఓదార్చడానికి వచ్చిన పెద్దలు దేవుని చిత్తం అన్నారు. వారి ఉద్దేశం మంచిదే గాని, ఆ మాట విన్నకొద్దీ నా లోపల ఏదో మూసుకుపోయింది. గుడికి వెళ్ళడం మానేశాను. అప్పటికి ఎనభై ఏళ్ళు దాటిన నాయనమ్మ మమ్మల్ని చూడడానికి రైలెక్కి వచ్చింది. ఒక్కసారి కూడా గుడికి రమ్మని నన్ను అడగలేదు. ఒక ఉదయం, పరంగిమలై చూపించమంది. తోమా క్రీ.శ. 52లో మలబారు తీరంలో దిగాడనీ, 72లో ఈ కొండ మీద ఈటె పోటుకు చనిపోయాడనీ, మైలాపూరులో పాతిపెట్టారనీ మన దేశపు క్రైస్తవులు తరతరాలుగా నమ్ముతున్నారు. ఆటోలో కొండపైకి వెళ్ళి, పోర్చుగీసువారు కట్టిన పాత గుడిలో, పూర్వకాలపు పారసీక భాషైన పహ్లవీలో రాత చెక్కిన రాతి సిలువ ముందు కూర్చున్నాము. ఆమె బాప్తిస్టు, అది కతోలికుల గుడి. ఆమెకు ఆ తేడా ఆ పూట గుర్తున్నట్టు లేదు.

"అందరూ ఇతన్ని అవిశ్వాసి తోమా అంటారు. బేతనియకు వెళితే రాళ్ళతో కొట్టి చంపుతారని తక్కినవాళ్ళు వెనకాడినప్పుడు, ఆయనతో కూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము అన్నది ఇతనే" అంది. మార్గం మాకు తెలియదే అని, తెలియనిది తెలియదని ఒప్పుకొన్నదీ ఇతనే. తరువాత ఆమె చెప్పిన మాట నేను అంతకుముందు ఏ ప్రసంగంలోనూ వినలేదు. మేకుల గురుతు చూస్తేనే గాని నమ్మనని తోమా అన్న రోజుకూ, ప్రభువు మళ్ళీ కనబడిన రోజుకూ మధ్య ఎనిమిది దినాలున్నాయి. "ఆ ఎనిమిది దినాలు తక్కిన పదిమందీ చూశామని సంతోషిస్తుంటే, ఇతను చూడనివాడు. అయినా వాళ్ళు అతన్ని ఇంట్లోనుంచి వెళ్ళగొట్టలేదు. ఇతనూ తలుపు తీసుకొని వెళ్ళిపోలేదు. ఎనిమిదో రోజున ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి చూశాడు. నువ్వు నమ్మలేకపోతే నమ్మొద్దు నాయనా. మా ఇంట్లో మాత్రం ఉండు." నా ఎనిమిది దినాలు మూడేళ్ళు సాగాయి. ఆ మూడేళ్ళూ నెలకొకసారి ఊరికి వెళ్ళాను, ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను, ప్రార్థన చేసేటప్పుడు కళ్ళు తెరుచుకొనే ఉన్నాను. ఆమె ఏమీ అనలేదు. "నా ప్రభువా, నా దేవా" అన్న మాట నా నోట మళ్ళీ ఎప్పుడు వచ్చిందో తేదీ చెప్పలేను. తెల్లవారడం లాగా ఎప్పుడో తెలియకుండానే వచ్చింది.

ఇస్కరియోతు యూదా పేరును అంత గట్టిగా ఎందుకు చెప్పించేదో ఆ కొండ దిగి వచ్చేటప్పుడు అడిగాను. పస్కా భోజనం దగ్గర, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్పినప్పుడు పన్నెండుమందిలో ఒక్కడు కూడా యూదా వైపు చూపించలేదంది. డబ్బు సంచి అతని దగ్గరే ఉండేది, అందులోనివి దొంగిలించేవాడని యోహాను తరువాత రాశాడు. అయినా ఆ రాత్రి ఎవరికీ అతనిమీద అనుమానం రాలేదు. ప్రతివాడూ "ప్రభువా, నేనా?" అని అడిగాడు. కొద్దిసేపటికే ప్రాణమిస్తానని గొప్ప చెప్పబోయే పేతురు కూడా ఆ నిమిషంలో తన మీద తనకు నమ్మకం లేక అదే అడిగాడు. ఆ రాత్రి ప్రభువు కడిగిన పాదాల్లో యూదా పాదాలు కూడా ఉన్నాయి. "వాడి పేరు మెల్లగా చెప్పడం నేర్చుకొన్నవాడు, వాడు వేరు, నేను వేరు అనుకోవడం నేర్చుకొంటాడు. నేనా అని అడగడం మరిచిపోతాడు" అంది. మా చిన్నతనమంతా శనివారం సాయంత్రాలు ఆమె వేసిన ప్రశ్న ఎక్కడనుంచి వచ్చిందో అప్పటికి గాని నాకు తట్టలేదు. ఆ పన్నెండుమంది బల్ల దగ్గర అడిగిన ప్రశ్ననే ఆమె పిల్లలకు నోరు తిరిగేటట్టు మార్చి పెట్టింది.

నాయనమ్మ 1993లో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో, జ్వరంతో మంచం పట్టింది. తంతి అందుకొని వెళ్ళేసరికి ఇల్లంతా జనం. ఆమె నడిచి తిరిగిన పేటలన్నిటినుంచి వచ్చారు. శనివారం సాయంత్రం మేము నలుగురం మంచం చుట్టూ చేరాము. ఆమె కళ్ళు మూసుకొనే పన్నెండు పేర్లు చెప్పింది. తద్దయి దగ్గర ఆగిపోతే మా చెల్లెలు అందించింది. చివరి పేరు, శ్వాస అందకపోయినా, గట్టిగానే చెప్పింది. అన్నేళ్ళలో ఆమె మమ్మల్ని అడగడమే గాని మేము ఆమెను అడిగింది లేదు. నేను వంగి, "ఈ వారం నువ్వెవరివి నాయనమ్మా?" అన్నాను.

"ఆ పన్నెండుగురిలో లేను" అంది, కొంచెం ఆగి. "పేతురు అత్తను. జ్వరంతో పడుకొని ఉన్నాను. చెయ్యి పట్టుకొని లేపేవాడు వస్తాడు."

కపెర్నహూములో సీమోను అత్తను ప్రభువు చెయ్యి పట్టి లేవనెత్తగానే జ్వరం వదిలిందని, ఆమె లేచి వాళ్ళకు ఉపచారం చేయసాగిందని మార్కు రాశాడు. నాయనమ్మ చెయ్యి పైకెత్తితే నేనూ బాబాయీ చెరొకవైపు పట్టుకొని, దిండు ఆనించి కూర్చోబెట్టాము. రెండు చెంచాల గంజి తాగి, వసారా వైపు చూసి, వచ్చినవాళ్ళందరూ అన్నాలు తిన్నారా అని అడిగింది.